మబ్బులసీమ గవిని

ఆదివారం లోపల నేను చేయాల్సిన పనులు:

కొత్తవాళ్లకు సరిపోయేలా ఇంకొన్ని చింతపిక్కలు ఒకవైపు అరగదీయాలి.
తాత తువ్వాలను ఎండలో వేసి దులపాలి. ఉతకకూడదు, ఉతికితే సంత వాసన పోతుంది.
ఆట పటం గీసిన చార్టు మీద కొత్త గుట్టలకు రంగు వేయాలి.
పాల కేంద్రంలో ఆదివారం షిఫ్టు ఇంకొకరికి అప్పజెప్పాలి.
అమ్మకు బీపీ మాత్రలు తేవాలి.
సీమ గురించి కొత్తవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో అనుకోవాలి.
తేజస్వినితో మంచిగా ఉండాలి.

చివరిది నాకుగా తోచిన పని కాదు. నా స్నేహితురాలు సుష్మ ఫోనులో చెప్పింది. "కొత్త పిల్ల మే, బెదురుతాది. దాంతో కొంచెం మంచిగా ఉండు." మిగతా పనులన్నీ శనివారం సాయంత్రానికి పూర్తయ్యాయి.

మేం ఆడేది పలక మీద పావులు జరిపే ఆట కాదు. అందరం చాప మీద కూర్చుని, లేని లోకంలో తలా ఒక మనిషిగా మారి మాట్లాడుకుంటూ ఆడతాం. ఒకరు ఆ లోకాన్ని నడుపుతారు, మిగతావాళ్లు అందులో తిరుగుతారు. నడిపే మనిషిని మేం మేస్త్రీ అంటాం. ఎవరైనా గోడ దూకబోతే దూకగలిగారా, పడ్డారా అన్నది చింతపిక్కలు తేలుస్తాయి.

మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఉమాపతి అనే సీనియర్ ఇలాంటి ఆటను మొదట తెచ్చాడు. అది ఇంగ్లీషుది. అందులో మంచుకొండలు, నిప్పులు కక్కే డ్రాగన్లు ఉండేవి. నేను మంచు చూసిందల్లా ఇప్పటికీ మా పాల కేంద్రం పైపుల మీదే. అప్పుడు నాకు ఏమీ తలకెక్కేది కాదు. ఒకరోజు హాస్టల్లో నీళ్లు లేవు. ట్యాంకరు కోసం నేనూ సుష్మా మేడ మీద బిందెలు పెట్టుకుని కూర్చున్నాం. నల్లటి మబ్బులు మా తల మీద ఆగకుండా కర్ణాటక వైపు పోతున్నాయి.

"ఎవురో తోలకపోతాండారు మే వాట్ని," అంది సుష్మ.

"తోలకపోయేదానికి అవేమైనా ఆవులా?"

"అవునే. ఆవులే."

మా మబ్బులసీమ అక్కడ పుట్టింది. ఆ సీమలో మబ్బులు పశువులు. వాటిని గుట్టల మీద మేపుతారు, రాతిదొడ్లలో కట్టేస్తారు, సంతలో అమ్ముతారు, దొంగిలిస్తారు. సుష్మ ఆడేది రంగి అనే మబ్బుల దొంగ. దొంగ అయ్యుండి చేతుల నిండా గాజులు వేసుకుని చప్పుడు చేస్తూ తిరుగుతుంది. సుష్మ ఆటకు వచ్చేటప్పుడు మట్టిగాజులు వేసుకునే వస్తుంది.

మేస్త్రీని నేను. నేను పలికే మనుషుల్లో అందరికీ ఇష్టమైనది బుజ్జమ్మ. సీమలోకి పోయే కోటవాకిలి దగ్గర, మా పక్క దాన్ని గవిని అంటారు, అక్కడ వక్కాకు నములుతూ కర్ర పట్టుకుని కూర్చునే ముసలమ్మ. ఫస్టియర్ సెమినార్లో నేను "ఈ సర్క్యూట్‌లో లోపం ఉండాది" అన్నప్పుడు క్లాసు మొత్తం నవ్వింది. ఆ తర్వాత నాలుగేళ్లు నేను కాలేజీలో నోరు విప్పింది తక్కువ. మా అమ్మ రాములమ్మ మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటాలు ఏరేది. ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్ల మాటలు, తిట్లు, నవ్వులు అన్నీ నాలో ఉండేవి. బుజ్జమ్మ నోటితో అవన్నీ బయటికి వచ్చాయి. మా ఇంట్లో డిగ్రీ చేతికి తీసుకున్న మొదటి మనిషిని నేను. అయినా నా మాట నేను భయం లేకుండా మాట్లాడింది ఆ ముసలిదాని నోటితోనే.

సుష్మ ఇప్పుడు కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతుంది. నేను పుంగనూరులో పాల కేంద్రంలో కంప్యూటర్ మీద ఉంటాను. ఆట జరిగేది మదనపల్లెలో, ఉమాపతి నడిపే ట్యూషన్ సెంటరులో. కుప్పంలో పొద్దున్నే బయలుదేరే బస్సు పలమనేరు మీదుగా పుంగనూరు వచ్చి మదనపల్లె పోతుంది. సుష్మ తన పక్క సీటు మీద చేతిరుమాలు పరిచి, పలమనేరులో ఎంతమంది ఎక్కి కసిరినా "మనిషి వస్తాది" అని గట్టిగా చెప్పి, పుంగనూరు దాకా నాకోసం సీటు కాపాడుతుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పలేదు.

ఆ ఆదివారం బస్సెక్కి చూస్తే నా సీట్లో తేజస్విని ఉంది. చేతిరుమాలు ఆమె ఒడిలో ఉంది. దాని మీద ఉడకబెట్టిన శనక్కాయలు ఉన్నాయి.

"ఏమ్మే, ఎక్కినావా! ఇదే తేజు. మా కాలేజీలోనే," అంది సుష్మ.

ఆ అమ్మాయి గబుక్కున లేవబోయింది. "రాక్కా, నువ్వు కూర్చో. నేను నిలబడతా."

"పర్లేదు మా, కూర్చో," అన్నాను. మంచిగా ఉండాలి కదా. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇంజను మోతలో నాకు సగమే వినిపించింది. సుష్మ నవ్వినప్పుడు మాత్రం మొత్తం వినిపించింది. నాతో ఉన్నప్పుడు ఆమె అంత గట్టిగా నవ్విందా అని గుర్తు తెచ్చుకుంటూ మదనపల్లె దాకా పోయాను. శనక్కాయలు ఇవ్వబోతే ఆకలి లేదన్నాను. పొద్దున్నించి నేనేమీ తినలేదు.

ట్యూషన్ సెంటరు మేడ మీద గది. యార్డు దగ్గరే కాబట్టి కిటికీ తెరిస్తే టమోటా పులుపు వాసన వస్తుంది. ఉమాపతి బోర్డు మీది లెక్కలు చెరపకుండానే చాప వేశాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు తేజస్విని. ఇంకొకడు లోకేష్, ఉమాపతి పక్కింటి అబ్బాయి, టమోటాల పికప్ వ్యాను నడుపుతాడు.

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఏ మాట తర్వాత ఏ మాటో వారమంతా అనుకున్నాను. "మబ్బులసీమలో ఆకాశం ఎవరిదీ కాదు. అక్కడ మబ్బులు..."

"పశువులు కదక్కా!" అంది తేజస్విని. "సుష్మక్క బస్సులో అంతా సెప్పేసింది. దొడ్లు, సంత, రంగి, అన్నీ."

నేను సుష్మ వైపు చూశాను. ఆమె చాప అంచు సరిచేస్తోంది.

"మబ్బులకు పాలు పిండతారా?" అని అడిగాడు లోకేష్.

"పిండతారు. దాన్నే వాన అంటారు," అన్నాను. అతను పెద్దగా నవ్వాడు. నాకు కొంచెం ప్రాణం లేచివచ్చింది.

తేజస్విని ఆగలేదు. "అక్కా, నేనొగటి అనుకున్న్యా. మబ్బుల మెడకు గంటలుంటే బాగుంటాది గదా? ఉరుమంటే ఆ గంటలే. యాడో దూరంగా తప్పిపోయిన మబ్బు గంట వినిపిస్తే కాపరి ఎతుక్కుంటా పోతాడు."

ఉమాపతి తొడ చరిచాడు. సుష్మ నా భుజం పట్టుకుని ఊపింది. "ఎంత బాగుండాదో సూడు మే! మనకింతకాలం యాల తట్టలేదో!"

మనకు అంది. నేను ఉరుముల గురించి ఎన్ని రకాలుగా ఆలోచించానో నాకే తెలుసు. ఒక్కటీ ఇంత బాగా రాలేదు. "బాగుంది," అన్నాను. చార్టు మీద గంట బొమ్మ కూడా వేశాను. వేసేటప్పుడు స్కెచ్ పెన్ను మొన వంగిపోయింది.

ఆ తర్వాత గవిని. కొత్తవాళ్లు ఎవరైనా సీమలోకి పోవాలంటే బుజ్జమ్మతో బేరం కుదుర్చుకోవాలి. ఆ బేరం మా తాత మునెప్పది. ఆయన పుంగనూరు సంతలో పశువుల దళారీ. కొనేవాడు, అమ్మించేవాడు తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి ధర మాట్లాడుకుంటారు, చుట్టూ నిలబడినవాళ్లకు తెలియదు. మా ఆటలో డబ్బు బదులు వేలికొక అర్థం పెట్టాం. చిటికెన వేలు నీ తిండి, ఉంగరపు వేలు నీ ఆయుధం, నడిమి వేలు నీ మబ్బులు, చూపుడు వేలు నీ పక్కన నడిచే మనిషి, బొటనవేలు నీ పేరు. బుజ్జమ్మ ఒక వేలు నొక్కుతుంది. ఇష్టం లేకపోతే గిల్లాలి, అప్పుడు ఇంకో వేలు నొక్కుతుంది. ఒప్పుకుంటే చెయ్యి మొత్తం పట్టుకోవాలి. పట్టుకున్నాక బేరం తిరగదు. తువ్వాల కింద జరిగింది బయట చెప్పకూడదు. గవిని దాటాక ఏది లేకుండా పోయిందో అప్పుడే అందరికీ తెలుస్తుంది.

ఇదంతా వివరించి, తువ్వాల చేతి మీద వేసుకుని, నడుము వంచాను. నోట్లో వక్కాకు ఉన్నట్టు బుగ్గ ఒకవైపు పెట్టాను.

"యాడికి పోతాండారు? ఏం మోస్తాండారు? ఎవుర్ని తోడు తెచ్చుకున్న్యారు?"

"యోవ్, మా జేజి మాదిరే ఉండాదే ఈయమ్మ!" అన్నాడు లోకేష్.

"మీ జేజి నిన్ను కొట్టేది సాలనట్టుండాది. దా ఇట్ల, సెయ్యి పెట్టు."

అతని చిటికెన వేలు నొక్కాను. గిల్లాడు. ఉంగరపు వేలు నొక్కాను. ఇంకా గట్టిగా గిల్లాడు. మళ్లీ చిటికెన వేలికి వచ్చాను. ఈసారి పట్టుకున్నాడు. చెయ్యి బయటికి తీసి, "ముసల్ది నా సంగటి..." అనబోతే ఉమాపతి అతని నోరు మూశాడు. "సెప్పకూడదు రా! తువ్వాల మాట తువ్వాల కిందనే." అందరూ నవ్వారు.

తర్వాత తేజస్విని. "దీనికి దారి తెలీదు బుజ్జమ్మా," అంది సుష్మ, రంగిలాగా గాజులు ఆడిస్తూ. "రంగి దీని పక్కన నడుస్తాది."

పక్కన. నేను తువ్వాల కింద చెయ్యి పెట్టి ఆమె చూపుడు వేలు నొక్కాను.

ఇంతవరకు ఆ వేలు ఎవరినీ అడగలేదు. గిల్లుతుందనే అనుకున్నాను. గిల్లితే మళ్లీ అదే నొక్కాలి, మళ్లీ గిల్లితే మళ్లీ నొక్కాలి, ఆ అమ్మాయి బెదిరి సుష్మ మొహం వైపు చూడాలి, సుష్మ ఏమీ చేయలేకపోవాలి. నాకు కావాల్సింది అదే. కానీ తేజస్విని గిల్లలేదు. ఒక్క క్షణం నా కళ్లలోకి చూసి, నా చెయ్యి మొత్తం పట్టుకుంది.

బేరం తెగింది. నేను ఆ అమ్మాయికీ సుష్మకూ నడుమ గీత గీయాలనుకున్నాను. మేమే రాసిన నియమం ప్రకారం పోయేది మాత్రం రంగి. గవిని దగ్గర ఆగిపోయిన మనిషి ఆ గోడలో రాయి అయిపోతుంది. దాటిన వాళ్లెవరికీ ఆ మనిషి గుర్తుండదు. ఆ నియమం హాస్టల్లో నేనూ సుష్మా కలిసే పెట్టాం, కథకు బరువు ఉండాలని.

"తలుపు తెరిసినా. పోండి," అన్నాను. "రంగీ, నువ్వు ఈడనే నిలబడు."

కింద వీధిలో ఆటో హారన్ మోగింది.

"అదేంది కమలాక్షీ?" అన్నాడు ఉమాపతి. తర్వాత తేజస్విని వైపు తిరిగాడు. "ఏమ్మా, తోడు వచ్చిన మనిషినే ఇచ్చేస్తివా? వచ్చీరాంగానే?"

"తువ్వాల కింద మాట సెప్పకూడదు గదన్నా," అంది ఆ అమ్మాయి. మొహం ఎర్రబడింది.

సుష్మ తేజస్విని వైపు చూసిన చూపులో నొప్పి ఉంది. పొద్దున్నించి నేను కోరుకున్న చూపు అది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అడిగింది నేనని ఎవరికీ తెలియదు, ఆ అమ్మాయి చెప్పదు, వచ్చే ఆదివారం రాదు. సీటు మీద చేతిరుమాలు నాకోసమే ఉంటుంది.

"సరే. బేరం బేరమే గదా," అంది సుష్మ. గాజులు ఒక్కొక్కటిగా తీసి చాప మీద పెట్టడం మొదలుపెట్టింది. ఎడమ చేతివి అయ్యాక కుడి చేతివి. ఒకటి రాకపోతే తడి చేసుకుని తీసింది. "ఇంగ నేను వేరే మనిషిని సేసుకోవాల. ఎవుర్ని సేసుకునేది?" అంటూ నవ్వబోయింది.

"టీ తాగొద్దాం," అన్నాను నేను.

మిగతావాళ్లు కింద అంగడికి దిగారు. తేజస్విని మెట్ల మీద గోడకు ఆనుకుని నిలబడింది. కళ్లు తుడుచుకుని ఉంది. నేను దగ్గరికి పోయాను.

"యాల ఒప్పుకున్న్యావు? గిల్లొచ్చు గదా?"

"నువ్వు అడిగినావు గదక్కా."

"అడిగితే? బేరమాడేదానికే గదా అడిగేది?"

"బుజ్జమ్మ ఏదన్నా అడిగిందంటే దాని ఎనకాల ఏదో ఉంటాదని సుష్మక్క సెప్పింది. నువ్వు ఊరికే ఎవుర్నీ ఏమీ అడగవంట. పలమనేరు నుంచి పుంగనూరు దాకా నీ మాటే. సెమినార్లో అందురూ నవ్వినప్పుడు తానూ నవ్విందంట, ఇప్పటికీ అది తల్సుకుంటే నిద్ర రాదంట. బుజ్జమ్మ మాట్లాడతా ఉంటే ఇంగ ఆట గెలవాలని కూడా ఉండదంట. రంగిని నువ్వు ఏదో మంచికే ఆపుతాండావనుకున్న్యా." ఆగి అడిగింది. "అంతే గదక్కా?"

ఇది విని నేను సంతోషపడాలి. కానీ ఇంత మాట సుష్మ నాతో ఎప్పుడూ చెప్పలేదే, పరిచయమై నెలలు కూడా కాని ఈ పిల్లకు చెప్పిందే అనిపించింది. పొగడ్త నాదే. విన్న చెవులు మాత్రం ఆమెవి. దాని మీద కూడా నాకు అసూయే కలిగింది.

"అంతే," అన్నాను.

పైకి వచ్చి గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. తాత తువ్వాల చాప మీద ఉంది. తువ్వాల బేరం తిరగదు, అది ఆయన మాట. కానీ ఒకసారి ఆయన అమ్మించిన ఎద్దు ఊరు చేరేలోపే కుంటింది. కొన్నవాడు తిరిగి వచ్చాడు. తాత బేరాన్ని వెనక్కి తిప్పలేదు. ఇంటికి పోయి మా దొడ్లోని కోడెదూడను పలుపుతో సహా తెచ్చి వాడి చేతికి ఇచ్చాడు. అవ్వ తిట్టింది. "నడమ సెయ్యి పెట్టింది నేను," అన్నాడు తాత. అంతకంటే ఏమీ అనలేదు.

అందరూ వచ్చి కూర్చున్నారు. నేను మళ్లీ నడుము వంచాను.

"రంగీ, ఆ గాజులు ఏసుకో."

సుష్మ తలెత్తింది.

"ఆ పిల్లను ఏమీ అనొద్దండి. వేలు నొక్కింది నేను. అడగకూడని వేలు అడిగినా. తువ్వాల కింద మాట బయటపెడతాండా, దానికీ కలిపే ఇచ్చుకుంటా. గవినికి ఒగ మనిషి కావాల. బేరం తిరగదు. కానీ బేరం సెడితే నడమ సెయ్యి పెట్టినోళ్లే ఇచ్చుకోవాల. అందుకే రంగి బదులు నేనే ఉండిపోతా."

"కమ్లా, వద్దు మే," అంది సుష్మ మెల్లగా. అది రంగి మాట కాదు.

"కమ్లా ఎవురే? నేను బుజ్జమ్మను. పోండి, బిన్నా పోండి. మబ్బులు ఎదురుసూస్తాండాయి. యోవ్ సంగటోడా, సూసుకోని నడువు, ఆడ రాయుండాది."

లోకేష్ నవ్వలేదు. ముందు ఉమాపతి, తర్వాత లోకేష్, ఆ వెనక రంగి, తేజస్విని పక్కపక్కనే గవిని దాటారు. బుజ్జమ్మ కర్ర గోడకు ఆనించింది. గోడలో ఒక రాయి పెరిగింది. నేను నడుము నిటారుగా పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆట నడిపాను, సంత నడిపాను, ఒక మబ్బు దొంగతనం కూడా నడిపాను. బాగానే జరిగింది. గంటల వల్ల ఇంకా బాగా జరిగింది.

మరుసటి ఆదివారం బస్సులో సుష్మ ముగ్గురు కూర్చునే సీటు పట్టింది. కిటికీ పక్క చేతిరుమాలు నాకోసం పరిచి ఉంది. తాను మధ్యలో, తేజస్విని చివర. వాళ్లిద్దరూ కాలేజీ సంగతులు మాట్లాడుకున్నారు. నాకు తెలియని మనుషుల పేర్లు వచ్చాయి. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నా అసూయ తగ్గిందని చెప్పను. శనక్కాయలు మాత్రం తిన్నాను.

కొంతదూరం పోయాక ఉండబట్టలేక సుష్మను అడిగాను. "బుజ్జమ్మ లేకుండా ఆట ఎట్లుండాది?"

సుష్మ కళ్లు ఒక్కసారి తడిసి మళ్లీ మామూలయ్యాయి. చాలా నిజాయితీగా ఆడే మనిషి ఆమె. "ఏ బుజ్జమ్మ మే?" అంది.

ఉమాపతీ అంతే, లోకేషూ అంతే. అడిగితే తేజస్విని మాత్రం పెదవి కొరుక్కుని తల అడ్డంగా ఊపుతుంది. నియమం నేనూ కలిసి పెట్టిందే, వాళ్లు దాన్ని సరిగ్గా పాటిస్తున్నారు. నేను వాళ్లను తప్పు పట్టలేను. మేస్త్రీని కాబట్టి నేను కూడా మరచిపోయినట్టే ఉండాలి.

అందుకే ఇది రాశాను. మీరు ఆ గవిని దాటలేదు, ఆ నియమం మీకు వర్తించదు. ఎక్కడైనా ఒక వాకిలి దగ్గర ఎవరైనా ముసలమ్మ మిమ్మల్ని ఆపి, యాడికి పోతాండావు, ఏం మోస్తాండావు, ఎవుర్ని తోడు తెచ్చుకున్న్యావు అని అడిగితే, వక్కాకు నమిలే మా బుజ్జమ్మను ఒక్కసారి గుర్తు చేసుకోండి.